తాళం వేసి అక్కకు పంపిన మెయిల్

మా అక్కకు ఒక మెయిల్ రాస్తే రాజమండ్రి నుంచి నరసాపురం దాకా ఉన్న మా చర్చి ఆడవాళ్ళందరికీ రాసినట్టే. ఈ మాట కోపంతో అనడం లేదు. కోపం ఎప్పుడో అయిపోయింది, మిగిలింది అనుభవమే.

అక్కది రాజమండ్రి. ఆడపిల్లల హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. గంట కొట్టించి, వరసలు కట్టించి, నాలుగు మంచి మాటలు చెప్పడం అలవాటైన మనిషి ఇంట్లో ఊరికే ఎలా కూర్చుంటుంది? వాళ్ళ లూథరన్ చర్చిలో స్త్రీల సమాజం పగ్గాలు పట్టుకుంది. ఫోన్‌లో ఒక ప్రార్థన గ్రూపు పెట్టి చుట్టాలనీ, స్నేహితురాళ్ళనీ, తన దగ్గర చదువుకున్న పిల్లలనీ, ఆ పిల్లల అత్తగార్లనీ అందులో చేర్చింది. ఎవరికి ఏ కష్టమొచ్చినా అక్క చెవిన వేస్తే చాలు, సాయంత్రానికల్లా అది ప్రార్థన మనవిగా మారి గ్రూపులో కనబడుతుంది. ఇది మా వాళ్ళలో ఉన్న ఆచారమే. నా చిన్నప్పుడు ఆరాధన మధ్యలో పాస్టరుగారు మనవులు చదివి వినిపించేవారు. ఫలానా వారికి జ్వరం, ఫలానా వారి గేదె కనబడటం లేదు, అందరూ ప్రార్థించండి అని. అక్క దానికి కొంచెం వేగం తగిలించింది, అంతే.

"బాధ ఒక్కళ్ళే మొయ్యకూడదే. పదిమంది భుజం పడితే తేలికవుతుంది," అంటుంది.

అన్నీ తెలిసి మరి ఆమెకు ఎందుకు రాయడం అని మీరు అడగవచ్చు. ఫోన్ చేస్తే అక్క మాట్లాడుతుంది, నేను ఊఁ కొడతాను. మధ్యలో నేను నోరు తెరిస్తే "ఆగు, పూర్తిగా విను" అంటుంది. మెయిల్లో ఆ బెడద లేదు. నా మాట పూర్తయ్యేదాకా ఎవరూ అడ్డు రాలేరు. పైగా అమ్మ పోయాక మనసులోది మనసులో ఉన్నట్టే చెప్పుకోవడానికి నాకున్నది అక్క ఒక్కతే. ఆమె చదువుతుందని తెలిస్తేనే నాకు రాయబుద్ధవుతుంది.

నేను పాలకొల్లులో ఒక జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను. కిందటేడు ఎండాకాలంలో అక్కకు రాసిన ఒక పొడుగాటి మెయిల్లో, ఎండల గురించీ పరీక్ష పేపర్ల గురించీ రాసి, చివర్న ఒక వాక్యం మలబద్ధకం గురించి కూడా రాశాను. అంతా కలిపి ఒక్క వాక్యం. ఆ ఆదివారం ఆరాధన ముగిసి చర్చి మెట్లు దిగుతుంటే మా సంఘంలో అందరికంటే పెద్దాయన, నాకు బాప్తిస్మం ఇచ్చిన రోజు కూడా అక్కడే ఉన్నానని చెప్పుకునే పెద్దమనిషి, చేతికర్ర ఆనించి నిలబడి అడిగారు.

"ఏమ్మా, ఇప్పుడు సాఫీగా ఉంటోందా?"

ఉద్యోగం గురించేమో అనుకుని, "ఏదోలెండి, లాక్కొస్తున్నాను," అన్నాను.

"లాక్కురాకూడదమ్మా. పడుకునే ముందు రెండు చక్కెరకేళి పళ్ళు తిను. బొప్పాయి కూడా మంచిదే. మేమందరం ప్రార్థనలో ఉన్నాం," అన్నారు.

వెనకనున్న ఆడవాళ్ళు ఎంతో దయగా తల ఊపారు. నాకు భూమి రెండుగా చీలితే బాగుండనిపించింది. ఇంటికొచ్చి ఆ గ్రూపు తెరిచి చూస్తే నా మెయిల్ మొత్తం, ఎండలూ పేపర్లూ సహా, అక్షరం పొల్లుపోకుండా అందులో ఉంది. కింద అరవై చిల్లర దణ్ణాల బొమ్మలు. అప్పటికప్పుడే గ్రూపులోంచి బయటికొచ్చేశాను. అక్కకు ఫోన్ చేసి పోట్లాడితే, "తగ్గిందా లేదా?" అంది. తగ్గింది. ఆ మాట ఒప్పుకోవడం ఇష్టంలేక ఫోన్ పెట్టేశాను.

పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా? అయినా పెదవికి లేకపోయినా మెయిలుకైనా తాళం ఉండదా అని నాకో ఆశ. మా కాలేజీలో లెక్కలు చెప్పే మాస్టారికి కంప్యూటర్ సంగతులు బాగా తెలుసు. స్టాఫ్ రూమ్‌లో అడిగాను. ఆయన ఎందుకని అడగలేదు. కుర్చీ దగ్గరకు జరుపుకుని, మెయిల్ రాసే పేజీ అడుగున గడియారమూ తాళమూ కలిసి ఉన్న చిన్న బొమ్మ చూపించారు.

"ఇది నొక్కితే అవతలివాళ్ళు ఇంకొకరికి పంపలేరు మేడమ్. కాపీ చెయ్యలేరు, ప్రింటు తియ్యలేరు. వారానికి దానంతటదే మూసుకుపోతుంది. కావాలంటే వాళ్ళ ఫోన్‌కి ఒక నంబరు వెళ్ళేలా పెట్టొచ్చు, అది కొడితేనే తెరుచుకుంటుంది."

"అయితే ఇక భయం లేదన్నమాట సార్."

"ఇంకో ఫోన్‌తో ఫొటో తీస్తే ఏం చెయ్యలేమండి. నోటికి తాళం కూడా ఇందులో లేదు," అన్నారు నవ్వకుండా. ఆయన నవ్వకుండా నవ్వించే మనిషి.

ఈ లెక్కల మాస్టారిది కోనసీమ. భార్య పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. ఆ తాళం పాఠం అయ్యాక మాకు మాటలు పెరిగాయి. మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో క్యారేజీలు ఎదురెదురుగా విప్పుకునేవాళ్ళం. ఆయన ముక్క ముట్టరు. నా క్యారేజీలో చేప ఉన్నరోజు కిటికీ తెరిచేవారు గానీ బల్ల మార్చేవారు కాదు. అది నేను గమనించాను. ఒకరోజు పెరుగన్నం కలుపుకుంటూ అన్నారు.

"ఒక్కణ్ణే కూర్చుని భోంచెయ్యడం విసుగొచ్చిందండి నాకు. ఈ మధ్యాహ్నం పూట బావుంటోంది. మీరు సరేనంటే రాత్రిపూట కూడా ఇలాగే ఉంటే బావుండునని ఉంది. తొందరేం లేదు. లేదన్నా రేపు ఈ కుర్చీ ఇక్కడే ఉంటుంది."

నేను ఎర్రబడ్డానో నల్లబడ్డానో తెలియదు. "ఆలోచించుకుని చెబుతాను సార్," అన్నాను. ఆలోచించడానికి నా వరకు పెద్దగా ఏమీ లేదు. నాకు ఇష్టమే. యాభై దాటాక ఒక మనిషి ఎదురుగా కూర్చుని తింటుంటే అన్నం రుచిగా ఉండడం ఎంత పెద్ద సంగతో కుర్రవాళ్ళకు చెప్పినా అర్థం కాదు.

ఆలోచనంతా నా కూతురి గురించే. అది భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్‌లో పని చేస్తుంది. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి చీకటిపడే వేళకు వస్తుంది. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. దాని పదో తరగతి పరీక్షల మధ్యలో మా ఆయన గుండెపోటుతో పోయారు. పిల్లకు అప్పుడే చెప్పొద్దు, పరీక్ష రాయనివ్వండి అని పెద్దవాళ్ళు నిర్ణయించారు. వీధి వీధంతా తెలిసిన సంగతి తెలియనిది దానికొక్కదానికే. పేపరు బాగా రాశానని నవ్వుతూ బయటికొచ్చిన పిల్లను చూసి గేటు దగ్గర ఎవరో ఏడ్చారు. తండ్రి పోయిన సంగతి నా కూతురికి అలా తెలిసింది. ఆ తర్వాత అది నన్ను కోరింది ఒక్కటే. మన ఇంటి సంగతి ఏదైనా ఊరికి తెలిసేలోగా తనకు తెలియాలి, అదీ నా నోటితోనే తెలియాలి.

అందుకే ఈ సంగతి పొక్కకూడదు. వేరే మతం, మలి పెళ్ళి, ఎదిగిన కూతురు ఇంట్లో ఉండగా. చర్చి మెట్ల మీద ఎవరైనా దాన్ని ఆపి "మీ అమ్మగారి విషయం విన్నాం" అన్నారంటే అది నన్ను క్షమించదు, నన్ను నేనూ క్షమించుకోలేను. దానికి ఇష్టం లేకపోతే మాస్టారికి వద్దని చెప్పేద్దామని కూడా గట్టిగానే అనుకున్నాను. కానీ దానికి ఎలా చెప్పాలి? ఏ మాటతో మొదలుపెట్టాలి? అడగడానికి నాకు మళ్ళీ అక్కే దిక్కు. ఆయన నేర్పిన తాళమే ఆయన గురించి రాసిన మెయిలుకు వేసి, వారం గడువు పెట్టి, అక్క ఫోన్‌కి నంబరు వెళ్ళేలా చేసి పంపించాను. పంపించాక తేలిగ్గా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది.

"నాకే తాళం వేశావటే!" అంది అక్క.

జరిగిందేమిటంటే, మెయిల్ తెరవగానే ముందు నంబరు అడిగింది. నంబరు కొడితే తెరుచుకుంది. చదివింది. చదివి, అలవాటు కొద్దీ ఫార్వర్డ్ నొక్కబోతే అది లేదు. ఫోన్ పాడైందనుకుని ఆటో ఎక్కి దేవీచౌక్ దగ్గర సెల్‌ఫోన్ల షాపుకు వెళ్ళింది. మధ్యలోనే అడ్డుపడ్డాను.

"షాపువాడికి చూపించావా? చదివాడా?"

"చదవనిస్తానా? తెర మీద చీర చెంగు కప్పి, ఫార్వర్డ్ ఉండాల్సిన ఆ మూడు చుక్కలూ మాత్రం కనపడేలా పట్టుకున్నాను. 'ఫోన్ బాగానే ఉందండి, మీ చెల్లెలుగారే ఎవరికీ పంపకుండా తాళం వేశారు' అన్నాడు. ముప్పయ్యేళ్ళు హైస్కూలు తాళాలన్నీ నా బొడ్లో ఉండేవే. ఎవరూ నా ముందు తలుపు వెయ్యలేదు. సొంత చెల్లెలు వేసింది."

"నువ్వు పంపేస్తావనే కదక్కా వేసింది!"

"పంపితే ఏం? మంచి మాటే కదా," అని, ఆ తాళం గురించి ఇంకా చాలాసేపు తిట్టి, చివర్న ఊపిరి తీసుకునేందుకు ఆగినప్పుడు గొంతు మార్చి అంది. "ఆయన్ని నేనొకసారి చూడాలి. నీ రాత చూస్తే మంచివాడిలాగే ఉన్నాడు. పిల్లకి చెప్పావా?"

"ఇంకా లేదు."

"ముందు దానికి చెప్పు. ఇవాళే చెప్పు."

ఇవాళే అంటే ఎలా? ఆ రోజు అది అలసిపోయి వచ్చింది. మర్నాడు ఎవరిదో చెరువులో రొయ్యలు తేలిపోయాయని చిరాగ్గా వచ్చింది. మూడోనాడు ఉత్సాహంగా వచ్చింది, ఉత్సాహం పాడుచెయ్యడం ఎందుకని ఊరుకున్నాను. సాకులు వెతికితే సాకులకు కొదవా!

ఈలోగా ఆదివారం వచ్చింది. చర్చిలో అడుగుపెట్టగానే ఏదో తేడా తెలిసింది. ఆడవాళ్ళు పక్కకు జరిగి చోటిచ్చారు. పాస్టరమ్మగారు నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. "అంతా ప్రభువు చిత్తం అమ్మా, ధైర్యంగా ఉండండి," అన్నారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. చక్కెరకేళి పెద్దాయన ఈసారి ఏ పండూ చెప్పకుండా నా తల మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నారు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. తెలిసిపోయింది, అందరికీ తెలిసిపోయింది! ఇంటికి రాగానే అక్కకు ఫోన్ చేశాను.

"ఎవరికి పంపావు?"

"ఒట్టు. నీ మెయిల్లో ఒక్క ముక్క ఎవరికీ పంపలేదు. పంపడానికి లేదుగా, తాళం వేశావుగా!" అంది నిష్ఠూరంగా.

"ఫొటో తీశావా?"

"ఛ. ఆ తెలివితేటలు నాకెక్కడివి?"

అక్క అబద్ధం ఆడదు. అది నాకు తెలుసు. మరి ఈ దయంతా దేనికి? ఏమీ అంతుబట్టలేదు.

ఆ వారం నా కూతురు కూడా వింతగా ఉంది. ల్యాబ్ నుంచి త్వరగా వచ్చేస్తోంది. నేను లేచేలోగా గిన్నెలు తోమేస్తోంది. దానిమ్మకాయలు తెచ్చి గింజలు వలిచి గిన్నెలో పెట్టి నా ముందుకు తోస్తోంది. నేను మందుల డబ్బా తీస్తే వెనకే వచ్చి తొంగిచూస్తోంది. టీవీ చూస్తుంటే, టీవీ వదిలేసి నన్ను చూస్తోంది. నేను తిరిగి చూస్తే చూపు తిప్పుకుంటోంది. సరే, దీనికీ తెలిసింది అనుకున్నాను. ఎవరి నోటో విని, నేనెప్పుడు చెబుతానా అని చూస్తోంది. అలా అనుకున్న దగ్గర్నుంచి నా నోరు మరీ కట్టుబడిపోయింది. అది గిన్నెలు తోముతున్న కొద్దీ నాకు ఏడుపొచ్చేది.

ఒకనాడు అదే అంది. "అమ్మా, రేపు కాలేజీకి సెలవు పెట్టు. భీమవరం వెళ్దాం. పనుంది."

బయట ఎక్కడైనా కూర్చుని తేల్చుకుందామంటోందని అర్థం చేసుకున్నాను. బస్సులో కిటికీ సీటు నాకిచ్చింది. దారంతా నా చెయ్యి పట్టుకునే ఉంది. చెప్పబోతే, "అక్కడికెళ్ళాక మాట్లాడదాంలే," అంది. బస్టాండులో దిగి ఆటో ఎక్కాం. ఆటో ఒక పెద్ద ఆసుపత్రి ముందు ఆగింది. బోర్డు చదివాను. క్యాన్సర్ ఆసుపత్రి.

"ఎవరికే?" అన్నాను.

చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి నన్ను చూసి అడిగింది. "ఏంటండి ప్రాబ్లమ్?"

"అమ్మకండి. ఏంటో చెప్పట్లేదండి," అంది నా కూతురు. ఆ మాట పూర్తిచెయ్యకుండానే ఏడ్చేసింది.

దాన్ని పట్టుకుని పక్కనున్న బెంచీ మీద కూలబడ్డాను. "నాకేమైందే? ఎవరన్నారు నీకు?"

"ఎన్నాళ్ళు దాస్తావమ్మా? ఏ స్టేజీ? అదొక్కటి చెప్పు," అని ఫోన్ తీసి నా ముందు పెట్టింది. అక్క గ్రూపు. ఎప్పుడో అక్క దాన్నీ అందులో చేర్చింది, నేను బయటికొచ్చేశాను గానీ అది ఉండిపోయింది. మెయిల్ అందిన రోజే అక్క పెట్టిన మనవి అందులో ఉంది, నా కూతురు దాన్ని చూసింది మాత్రం ఆదివారమట.

"నా చెల్లెలిది చెప్పరాని మనవి ఒకటున్నది. బయటికి రాకుండా తాళం వేసి నాకు పంపినది. వివరము అడగవద్దు. ఆమె కొరకు అందరూ భారముతో, కన్నీటితో ప్రార్థించండి."

కింద అది జబ్బేనని తేల్చుకుని ఎవరికి తోచిన ప్రార్థన వారు రాశారు. అందులో ముగ్గురు, మనిషి పోయిన ఇంట్లో చదివే ఆదరణ వాక్యాలు కూడా అప్పుడే పెట్టేశారు. అక్క నిజమే చెప్పింది. నా మెయిల్లో ఒక్క ముక్క కూడా ఎవరికీ పంపలేదు. తాళం ఒక్కటే ఫార్వర్డ్ చేసింది.

"జబ్బు కాదే," అన్నాను.

"మరి?"

ఎన్ని రోజులు ఎన్ని రకాలుగా మొదలుపెట్టాలనుకున్నానో ఒక్కటీ గుర్తు రాలేదు. "పెళ్ళి," అన్నాను.

"ఎవరికి?"

"నాకు. మా లెక్కల మాస్టారు అడిగారు. నువ్వు వద్దంటే వద్దు."

నా కూతురు నోరు తెరిచి నన్ను చూసింది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే, ముక్కు చీదుకుంటూ, నా భుజం మీద గుద్దుతూ, ఆ హాలంతా తిరిగి చూసేలా నవ్వింది. "పెళ్ళేనా! పెళ్ళేనమ్మా!" అంటుంది, మళ్ళీ నవ్వుతుంది. పక్కన కూర్చున్న పెనుగొండ వైపు ముసలావిడ మా మాటలన్నీ విన్నట్టుంది, "శుభమా అని పెళ్ళి మాటనుకుంటా ఏడుపేంటమ్మా," అని తన సంచీలోంచి నాప్‌కిన్ తీసి ఇచ్చింది. కౌంటరు అమ్మాయి, "టోకెన్ ఉంచమంటారా, తీసెయ్యమంటారా అండి?" అని అడిగింది. వారం గడువూ నంబరూ పెట్టి దాచిన రహస్యాన్ని భీమవరం ఆసుపత్రిలో నిండు హాలు ముందు నా నోటితో నేనే చెప్పేశాను.

బయటికొచ్చి చెట్టు నీడలో నిలబడ్డాం. స్టాఫ్ రూమ్ క్యారేజీల కబుర్లు ఇంట్లో దానికి చెబుతూనే ఉండేదాన్ని. "ఆ పెరుగన్నం సారేనా? చేపలు తినరు కదా. ఆదివారం మనకి ఎలాగ?" అని అడిగింది. నవ్వుతోంది. అంతలోనే నవ్వు ఆపేసి అంది.

"అంటే పెద్దమ్మకి ముందు చెప్పావన్నమాట."

అబద్ధం చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అవునన్నాను.

"పెద్దమ్మ ఎవరికీ చెప్పకూడదని తాళం వేశావు. బావుంది. కానీ అమ్మా, బయట ఉండిపోయింది నేను కదా. మళ్ళీ నేనే కదా."

ఊరికి తెలియకూడదని చూసి, ఎవరి కోసం దాచానో ఆ పిల్లనే అన్నాళ్ళూ గుమ్మం బయట నిలబెట్టాను. "నువ్వు మీ నాన్నని తలుచుకుని బాధపడతావని భయమేసింది. ఇంట్లో ఇంకొకాయన తిరుగుతుంటే నువ్వు ఎలా చూస్తావోనని," అన్నాను.

అది నా చెంగు తీసుకుని కళ్ళు తుడుచుకుంది.

"ఈ వారమంతా నువ్వు లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకున్నానమ్మా. రాత్రి తలుపు ఎవరు వెయ్యాలి, నీ చీరలు ఏం చెయ్యాలి, అన్నీ అనుకున్నాను. ఇంకొకాయన ఉన్న ఇల్లు ఊహించుకోవడం నాకేం కష్టం?"